గంటకు మూడు మైళ్ళు నడిచే పడవలో వారం రోజులు ఏం చేస్తారు?

మాంచెస్టర్_మూర్తి
మా ఆవిడ నన్ను ఒక్క మాట అడగకుండా మే నెలలో వారం రోజులకు కాలువ పడవ ఒకటి అద్దెకు మాట్లాడేసింది. చెషైర్‌లో రెన్‌బరీ దగ్గర ఎక్కి, లాంగోలెన్ కాలువ మీదుగా వేల్స్‌లోని లాంగోలెన్ ఊరి దాకా వెళ్ళి, మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలట. కారులో గంట పట్టే దూరానికి పడవలో రానూపోనూ వారం. ఈ కాలువల మీద గంటకు 4 మైళ్ళు దాటి పోకూడదని నియమం ఉందని, నిజానికి 3 మైళ్ళు కూడా పడదని తెలిసిన తరువాత నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను ఉదయం పార్కులో నడిచే నడకే అంతకంటే వేగం.

నాతో పాటు పదేళ్ళ కొడుకు, పద్నాలుగేళ్ళ కూతురు, అమలాపురం నుంచి వచ్చి ఉన్న 74 ఏళ్ళ మామయ్యగారు ఉంటారు. పడవ పొడవు 58 అడుగులు, వెడల్పు 7 అడుగులు కూడా లేదు. అంటే రైలు పెట్టె అంత వెడల్పు కూడా లేని ఇంట్లో ఐదుగురం వారం రోజులు కాపురం చేయాలి. ఇలాంటి ప్రయాణం చేసినవారు ఎవరైనా ఉంటే, అసలు అందులో ఉన్న ఆనందం ఏమిటో దయచేసి చెప్పండి. డబ్బు కట్టేశాం కనుక మానుకోమనే సలహా పనికిరాదు.

ఓడమల్లన్న
నా పేరు చూశారు కదా. ఏరు దాటేదాకా నన్ను తలుచుకుంటారు, దాటాక బోడి మల్లన్న అంటారు. మీరు మాత్రం ఎక్కకముందే బోడి మల్లన్న అంటున్నారు, ఇది కొత్త పద్ధతి.

చుక్కాని_చేతిలో
నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. ఇప్పటికి నాలుగు సార్లు ఇలా వెళ్ళాను, అందులో రెండు సార్లు మీరు చెప్పిన కాలువ మీదనే. ముందు లెక్క మార్చుకోండి. కాలువ మీద దూరాన్ని మైళ్ళలో కొలవరు, మైళ్ళూ, పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే లాకులూ కలిపి కొలుస్తారు. ఒక లాకు ఒక మైలుతో సమానం, అలాంటివి గంటకు మూడు దాటుతారు. ఈ కాలువ మొదలయ్యే హర్ల్‌స్టన్ నుంచి చివరి దాకా 46 మైళ్ళు, 21 లాకులు. మీరు రెన్‌బరీలో ఎక్కుతున్నారు కనుక తొమ్మిది లాకులు తప్పించుకున్నారు, మీకు పన్నెండే మిగిలాయి. పైగా ఈ కాలువలో నీరు నిలవ ఉండదు. లాంగోలెన్ అవతల డీ నదికి కట్టిన ఆనకట్ట నుంచి హర్ల్‌స్టన్ జలాశయానికి పారుతూ ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఎదురు నీరు, వచ్చేటప్పుడు వాలు నీరు.

ఆనందం ఏమిటని అడిగారు. నా మట్టుకు నాకు అది లాకుల దగ్గర ఉంది. రెండు జతల తలుపుల మధ్య ఉండే రాతి గదిలోకి పడవను తోస్తారు, వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల దగ్గరి తూము పలకలను ఇనుప హ్యాండిల్‌తో తిప్పి లేపుతారు. పై నీరు లోపలికి దూకుతుంది, పడవ మెల్లగా లేస్తుంది. మొత్తం పది పదిహేను నిమిషాల పని. ఆ పని మనమే చేసుకోవాలి, చాలా చోట్ల కాపలాదారు ఉండడు. ఎదురుగా వచ్చే పడవ వారు కూడా అక్కడే ఆగాలి. మీరు తలుపు ఒక వైపు తోస్తే వారు రెండో వైపు తోస్తారు. ఆ కొద్ది నిమిషాలలో మీ ఊరు, మీ పిల్లల చదువు, వారి కుక్క మోకాలి నొప్పి, ముందు మైలులో రొట్టెల కొట్టు మూసి ఉందా లేదా అనే సంగతులన్నీ వచ్చేస్తాయి. పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ పక్కింటివారి పేరు తెలియని నేను, మొదటి రోజు సాయంత్రానికి పదకొండు మందితో మాట్లాడాను.

కాలినడక_కృష్ణ
కాలువ పక్కన గట్టు మీద బాట ఉంటుంది, దాని మీద నడవడానికి ఎవరూ డబ్బు అడగరు. అదే లాకు, అదే నీరు, అదే మనుషులు. పడవ వారి కంటే ముందు నేనే చేరతాను. ఇంత ఖర్చు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చుక్కాని_చేతిలో
కృష్ణగారూ, మీరు గట్టు మీద నడుస్తూ పోతే మిమ్మల్ని చూసి తలాడిస్తారు. పడవలో వస్తే తలుపు తీయమని అడుగుతారు. తేడా అంతే, కానీ అదే తేడా.

కాలినడక_కృష్ణ
తలుపు తీయమని నడిచేవాడిని కూడా అడుగుతారు. టార్డెబిగ్ దగ్గర వరసగా ఉన్న 30 లాకులలో ఏడింటికి నేనే తలుపులు తోశాను, పడవ ఎక్కమని మాత్రం ఒక్కరూ అనలేదు.

పూతరేకు
ఏడు లాకులు తోసి ఒక కప్పు టీ కూడా తాగకుండా వచ్చారంటే మీకు బేరమాడడం రాదని అర్థం.

బొబ్బర్లంక_రేవు
ఈ చర్చ చదువుతుంటే నాకు అరవై అయిదేళ్ళ కిందటి వాసనలు వచ్చాయి. మా చిన్నతనంలో కోనసీమకు రైలు లేదు. ధవళేశ్వరం నుంచి గోదావరి దాటి బొబ్బర్లంక రేవులో దిగి, అక్కడ కాలువ పడవ ఎక్కి అమలాపురం వెళ్ళేవాళ్ళం. గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని అందరికీ తెలుసు. ఆయన తవ్వించిన కాలువలు పొలాలకు నీరు పెట్టడానికే కాక, పడవలు నడవడానికి కూడా అని ఇప్పటి పిల్లలకు తెలియదు. రైళ్ళ కంటే జలమార్గాలే ఈ దేశానికి మేలని ఆయన జీవితమంతా వాదించాడు. అందుకే మన కాలువల మీద కూడా అన్ని లాకులు. ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులను ఇప్పుడు సినిమాల వాళ్ళ పుణ్యమా అని అందరూ చూస్తున్నారు, మేము వాటి మీద నిద్రపోయాం.

సాయంత్రం పడవ ఎక్కితే రాత్రంతా ప్రయాణం. గాలి కలిసి వస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఎదురు పడవ వచ్చినప్పుడు ఒకరు తాడు వదులు చేసి నీటిలో మునగనిస్తే, రెండో పడవ దాని మీదుగా దాటేది. ఆ సమయంలో రెండు పడవల సరంగులూ ఏ లాకు దగ్గర ఎంత సేపు ఆగాలి, ఏ ఊళ్ళో ఎవరు పోయారు అనే కబుర్లు అరుచుకునేవారు. లాంతరు వెలుగులో ఎవరి ముఖమూ సరిగా కనిపించేది కాదు, గొంతులే గుర్తు. మా పెద్దక్క సంబంధం అలా గొంతుల మీదే కుదిరింది. మా నాన్నగారు చీకట్లో ఒకాయనతో వరి ధరల గురించి లొల్ల దాకా వాదించి, తెల్లవారి చూసుకుంటే ఆయన మాకు దూరపు చుట్టం. ఆయనకు పెళ్ళికి ఎదిగిన కొడుకు ఉన్నాడు.

పూతరేకు
మీ అక్కగారు ఎప్పుడైనా ఆ పడవను తిట్టుకున్నారా?

బొబ్బర్లంక_రేవు
ఏటా తిట్టుకునేది. బావగారు వినేవారు.

కృష్ణపట్నం_ఉప్పు
గోదావరి వారు తమ కాలువల గురించి చెప్పుకున్నారు కనుక మా నెల్లూరు వైపు సంగతి కూడా చేర్చాలి. 1876, 78 మధ్య వచ్చిన ధాత కరువులో కూలి గింజల కోసం జనం కొంత భాగం తవ్విన కాలువ మాది. అప్పటి మద్రాసు గవర్నరు పేరున బకింగ్‌హాం కాలువ అన్నారు. పెదగంజాం నుంచి పులికాట్ మీదుగా మద్రాసు దాటి తమిళ దేశంలోని మరక్కాణం దాకా, సముద్రానికి సమాంతరంగా సాగుతుంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ వచ్చి కలుస్తుంది, అది కృష్ణకు, ఏలూరు కాలువ గోదావరికి కలుపుతాయి. అంటే ఒకప్పుడు కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసులో దిగేది. మా వైపు నుంచి ఉప్పు, సరుగుడు కట్టెలు వెళ్ళేవి. ఈ వరసనంతా 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మా ఊరి వంతెన మీద నిలబడి చూస్తే ఆ జాతీయ మార్గంలో నాకు గేదెలే కనిపిస్తాయి.

తాడు_భుజం
బొబ్బర్లంకవారి జ్ఞాపకం చాలా అందంగా ఉంది. అందులో తాడు లాగిన ‘ఇద్దరు మనుషులు’ ఒకే ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయారు. మా తాతగారు ఆ ఇద్దరిలాంటి వారే. తూర్పు డెల్టా కాలువల మీద ఇరవై ఏళ్ళకు పైగా పడవలు లాగారు. స్నానం చేసేటప్పుడు చూసేవాడిని, ఆయన ఎడమ భుజం నుంచి ఛాతీ మీదకు చర్మం ఒక పట్టీలాగా నల్లగా కాయ కాచి ఉండేది. ఆ పట్టీ మీద వెంట్రుక మొలవలేదు. పడవలో ఉన్నవారు దాన్ని నెమ్మది ప్రయాణం అనుకున్నారు, ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ వాడలేదు, ‘ఆలస్యం’ అనేవారు. ఆలస్యమైతే కూలి తెగ్గోసేవారు.

ఇంగ్లండులో కూడా ఇది వేరుగా లేదు. అక్కడ మనుషుల బదులు గుర్రాలు లాగాయి, సరే. పడవ వెనక పది అడుగుల గదిలో మొగుడు, పెళ్ళాం, పిల్లలు అంతా బతికేవారు, ఎప్పుడూ కదులుతుండడం వల్ల ఆ పిల్లలకు బడి అందేది కాదు. కొండ కింది సొరంగాలలో గుర్రానికి దారి లేకపోతే, మనుషులు పలక మీద వెల్లకిలా పడుకుని గోడలను కాళ్ళతో తన్నుతూ పడవను నడిపించారు. ఇప్పుడు సెలవులకు వెళ్ళేవారు ఆ పడవల మీద వేసిన గులాబీ పూల బొమ్మలు చూసి ముచ్చటపడతారు. ముచ్చటపడవద్దని నేను అనను. ఆ బొమ్మలు ఎంత ఇరుకు గదికి వేసుకున్నవో తెలిసి చూడమంటాను.

బొబ్బర్లంక_రేవు
మీరు అన్నది నిజం. నేను ఆ ఇద్దరి ముఖాలను గుర్తు చేసుకోవాలని రాత్రి ప్రయత్నించాను, ఒక్కటీ రాలేదు. వారి కాళ్ళ చప్పుడు మాత్రం గుర్తుంది, తడి గట్టు మీద చప్ చప్ అని. లాకు దగ్గర వారికి మా అమ్మ అటుకులు ఇచ్చేది. దాన్ని నేను ఇన్నాళ్ళూ అమ్మ మంచితనంగానే చెప్పుకున్నాను.

చుక్కాని_చేతిలో
తాడు_భుజంగారూ, పాత రాతి వంతెనల మూలలకు కట్టిన ఇనుప పట్టీలను ఇక్కడ ఇప్పటికీ చూడవచ్చు. వాటి మీద వేలు పట్టేంత లోతు గాళ్ళు ఉంటాయి, ఏళ్ళ తరబడి గుర్రం తాడు రాసుకుని పడినవి. నేను నా పిల్లల చేత ఆ గాళ్ళలో వేలు పెట్టించాను. కానీ ఒక విషయంలో మీతో విభేదిస్తాను. 1962, 63 చలికాలంలో కాలువలు నెలల తరబడి గడ్డకట్టి సరుకు పడవల వ్యాపారం దాదాపుగా పోయింది. ఆ తరువాత సెలవుల పడవలు రాకపోయి ఉంటే ఈ లాకులలో చాలా భాగం ఈ రోజు చెత్త కుండీలై ఉండేవి. కష్టం పోయిన చోటికి సరదా వచ్చి కాలువను బతికించింది.

తాడు_భుజం
కాలువను బతికించింది, ఒప్పుకుంటాను. కాలువ మనుషులకు ఎవరూ జవాబు చెప్పలేదు.

లండన్_అద్దెకొంప
కష్టం పోలేదు, రూపం మార్చుకుంది. మా వీధి చివర కాలువలో వరసగా ఉండే పడవలలో సగం మంది సరదాకు వచ్చినవారు కారు, ఇంటి అద్దె కట్టలేక వచ్చినవారు. సొంతంగా కట్టేసుకునే చోటు లేకపోతే 14 రోజులకు మించి ఒక చోట ఉండకూడదు. మా అమ్మాయి బడిలో ఒక టీచరు అలాగే ఉంటుంది, రెండు వారాలకొకసారి ఆవిడ బడికి వచ్చే దారి మారుతుంది. చలికాలంలో నీటి గొట్టం గడ్డకట్టినప్పుడు ఆవిడను అడిగి చూడండి, నెమ్మదితనం ఎంత హాయో చెబుతుంది.

మాంచెస్టర్_మూర్తి
నేను అడిగింది ఒకటి, ఇక్కడ జరుగుతున్నది మరొకటి, అయినా చదవడం ఆపలేకపోతున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. పాంట్‌కసల్టే అనే నీటి వంతెనకు ఒక వైపు కంచె లేదని చదివాను. అది నిజమేనా? మామయ్యగారికి ఈ చర్చ చదివి వినిపించాను. ఆయన ‘లాకులో కింద తలుపు దగ్గర ఉండొద్దు’ అన్నారు, మళ్ళీ దినపత్రిక చూసుకున్నారు. ఆ మాటకు అర్థం ఏమిటి?

చుక్కాని_చేతిలో
మొదటిది నిజమే. డీ నది లోయ మీద 18 రాతి స్తంభాలు, వాటి మీద పోత ఇనుప తొట్టి, అందులో నీరు, ఆ నీటి మీద మీరు. 1795లో మొదలుపెట్టి 1805లో తెరిచారు, కట్టినది థామస్ టెల్‌ఫర్డ్, విలియం జెస్సప్. పొడవు 307 మీటర్లు, ఎత్తు 38 మీటర్లు. ఒక వైపు నడక బాట, దానికి కంచె ఉంది. రెండో వైపు తొట్టి అంచు నీటికి అడుగు ఎత్తు కూడా ఉండదు, ఆ తరువాత గాలి. 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పడవ పక్కకు పడదు, తొట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. పిల్లలను మాత్రం లోపల కూర్చోబెట్టండి.

మీ మామయ్యగారి మాట బంగారం. ఆయన చెప్పిన తలుపు మన వైపుదై ఉంటుంది, ఇక్కడ ప్రమాదం పై తలుపు దగ్గర. లాకులో దిగేటప్పుడు పై తలుపుల కింద ఒక రాతి గడప ఉంటుంది, నీరు తగ్గే దాకా కనిపించదు. పడవ వెనక భాగం దాని మీద ఉండిపోతే ముందు భాగం మాత్రం దిగుతుంది, పడవ మునుగుతుంది. గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది, పడవ వెనక భాగం ఆ గీత దాటి వెనక్కి పోకుండా చూడండి. ఈ ఒక్కటీ గుర్తుంటే మిగిలినవన్నీ గట్టుకు తగిలే దెబ్బలే.

ఓడమల్లన్న
ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు. ఓడ వంతెన మీద పోవడం, బండి కింద ఆగి చూడడం మాత్రం మన సామెత చెప్పినవారు కూడా ఊహించి ఉండరు.

పూతరేకు
మూర్తిగారు ఇప్పటికి మూడు వారాలుగా కనిపించలేదు. తెల్ల గీత దాటారా?

మాంచెస్టర్_మూర్తి
గీత దాటలేదు. వచ్చి పది రోజులైంది, ఎలా రాయాలో తెలియక ఆలస్యం చేశాను.

మొదటి గంట నరకం. చుక్కాని ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది, అది కూడా తోసిన అరనిమిషానికి. ఈ దేశంలో రోడ్డు మీద ఎడమ, కాలువ మీద కుడి. మొదట ఎదురైన పడవకు నేను ఎడమకు జరిగి దారి ఇచ్చాను, ఆయన టోపీ తీసి ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళాడు. రెన్‌బరీలో రోడ్డు మీది ఎత్తే వంతెనను తాళం చెవి పెట్టి మా అబ్బాయి లేపాడు. రెండు వైపులా కార్లు ఆగాయి. వాడి ముఖంలో అప్పుడు కనిపించిన గర్వం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు నా ముఖంలో కూడా కనిపించి ఉండదు.

మామయ్యగారు మొదటి నాలుగు లాకులూ గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. కాపలా మనిషి లేని లాకు ఆయనకు లాకులాగా అనిపించలేదు. ‘లస్కరు ఏడి?’ అని ప్రతి చోటా అడిగారు. గ్రిండ్లీ బ్రూక్ దగ్గర ఆరు లాకులు, అందులో పై మూడు మెట్లలాగా ఒకదాని తలుపే మరొకదానికి తలుపుగా అతికి ఉన్నాయి. అక్కడ మాత్రం కాపలాదారు ఉన్నాడు. మామయ్యగారు ఆయన దగ్గరకు వెళ్ళి కరచాలనం చేశారు. ఇంగ్లీషు తక్కువే అయినా ఇద్దరూ తూము పలకలు చూపించుకుంటూ పావుగంట మాట్లాడుకున్నారు. ఆ తరువాత ఆయన ఎదురైన ప్రతి పడవనూ ‘వాట్ విలేజ్?’ అని అడగడం మొదలుపెట్టారు. నేను సిగ్గుపడ్డాను, కానీ అందరూ జవాబు చెప్పారు. ఒకాయన ‘ఆడ్లెమ్’ అన్నాడు, తరువాత పడవ ఆపి మరీ ఆ ఊళ్ళో తన తాతల పొలం ఏమైందో చెప్పాడు.

అసలు చెప్పవలసింది డబ్బా సంగతి. రెండో రోజు సాయంత్రం బెటిస్‌ఫీల్డ్ దగ్గర మేకులు కొట్టి పడవ కట్టేశాం. మా ముందు పసుపు తలుపుల పాత పడవ ఒకటి ఉంది. అందులో ఒక పెద్దావిడ, ఒక పిల్లి, ఇద్దరే. మా ఆవిడ పులిహోర కలిపింది. మామయ్యగారు స్టీలు డబ్బా నిండా పెట్టుకుని వెళ్ళి ఆవిడకు ఇచ్చి వచ్చారు. ఆ డబ్బా మా అత్తగారిది, మూత మీద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటుంది. అత్తగారు పోయి ఆరేళ్ళయింది, మామయ్యగారు ఎక్కడికి వెళ్ళినా ఆ డబ్బా వెంట ఉంటుంది. మరునాడు పొద్దున్నే ఆవిడ పడవ కిటికీలు ఇంకా తెరవకముందే మేము బయలుదేరాం. డబ్బా గుర్తు వచ్చేసరికి మూడు మైళ్ళు దాటాం. పడవను ఎక్కడ పడితే అక్కడ వెనక్కి తిప్పలేం, కాలువ వెడల్పు కంటే పడవ పొడుగు, తిప్పడానికి వెడల్పు చేసిన చోటు దాకా పోవాలి. మామయ్యగారు ‘పోనీలే’ అన్నారు. ఆ మాట అన్న తీరు చూసి మా ఆవిడ మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఎల్స్‌మియర్‌లో సరుకులు కొనుక్కుంటూ సగం రోజు ఆగాం. నాలుగో రోజు ఉదయం న్యూ మార్టన్ లాకుల దగ్గర మా ముందు మూడు పడవలు వరసలో ఉన్నాయి. మా వెనక వచ్చి ఆగిన పడవలో నుంచి ఒక భార్యాభర్త దిగి, మా పడవ కిటికీలోకి తొంగి చూసి, మా ముఖాలు చూసి, డబ్బా అందించారు. పసుపు తలుపుల ఆవిడ తన పడవ అంత త్వరగా రాదని, ఆ దారిన ముందు వెళ్ళే వారికి ఇచ్చి, ‘ఒక తాతగారు మీది ఏ ఊరని అడుగుతారు, ఆయనదే’ అని చెప్పిందట. నిజానికి వారిది రెండో చేయి, మొదటివారు ఎల్స్‌మియర్‌లోనే ఆగిపోయి వీరికి అప్పగించారట. మూత మీద ఉన్న గుండ్రటి అక్షరాలు ఏ భాష అని ఆ భర్త అడిగాడు. మామయ్యగారు చెప్పారు, అక్షరం మీద అక్షరం వేలు పెట్టి పేరు కూడా చదివి వినిపించారు. డబ్బాలో అల్లం కేకు ముక్కలు ఉన్నాయి.

బొబ్బర్లంక_రేవు
ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఆవిడకు ఎవరు చెప్పారు?

పూతరేకు
రెండు పడవలు చేతులు మారినా కేకు మిగిలి ఉండడం నాకు ఎక్కువ ఆశ్చర్యంగా ఉంది.

లెక్కల_మాస్టారు
బెటిస్‌ఫీల్డ్ నుంచి న్యూ మార్టన్ దాకా పన్నెండు పదమూడు మైళ్ళు ఉంటుంది. డబ్బాకు ఒకటిన్నర రోజు పట్టింది. నేను గత నెలలో పక్క ఊరి నుంచి తెప్పించిన కొరియరు అయిదో రోజున వచ్చింది, అది కూడా పక్కింటికి.

కాలినడక_కృష్ణ
ఇది గట్టు మీద నడిచే నాకు జరిగి ఉండేది కాదు, ఒప్పుకుంటున్నాను. అయితే నేను డబ్బా మరిచిపోయి ఉంటే పావుగంటలో వెనక్కి నడిచి తెచ్చుకునేవాడిని.

చుక్కాని_చేతిలో
నీటి వంతెన సంగతి రాయనే లేదు.

మాంచెస్టర్_మూర్తి
దాని గురించి రాయడానికి నేను పెద్దగా చూడలేదు. చుక్కాని పట్టుకుని ఎదురుగా ఉన్న పడవ మొన వైపే చూశాను. ఎడమ వైపు కంటి చివర ఏమీ లేకపోవడం మాత్రం తెలిసింది. మా అమ్మాయి అయిదు రోజులలో మొదటిసారి ఫోను జేబులో పెట్టింది. మామయ్యగారు కింద నది ఒడ్డున మైదానంలో ఫుట్‌బాల్ ఆడుతున్న పిల్లలకు చేయి ఊపారు, వారు ఆట ఆపి ఊపారు. లాంగోలెన్‌కు ముందు కాలువ ఎంత ఇరుకంటే, ఎదురుగా పడవ వస్తున్నదేమో చూడడానికి ఒకరు గట్టు మీద ముందుగా నడిచి వెళ్ళాలి. మా అమ్మాయే వెళ్ళింది, వద్దని చెప్పినా పరిగెత్తింది.

తిరుగు ప్రయాణంలో ఎల్స్‌మియర్ దాటి, చెట్ల వేళ్ళు నీటిలోకి దిగి ఉన్న బ్లేక్ మియర్ చెరువు పక్కన పసుపు తలుపుల పడవ ఎదురు వచ్చింది. రెండు పడవలు దాటుకునే ఆ అరనిమిషంలో ఎంత మాట్లాడగలమో అంత మాట్లాడుకున్నాం. ఆవిడ ‘అన్నంలో ఆ నల్ల ఆకు ఏమిటి?’ అని అడిగింది. కరివేపాకు అని మా ఆవిడ చెప్పేసరికి పడవ దాటిపోయింది, ఆవిడకు వినిపించిందో లేదో తెలియదు.

తాడు_భుజం
వంతెనల దగ్గర తాడు గాళ్ళు చూశారా?

మాంచెస్టర్_మూర్తి
చూశాం. మామయ్యగారు చొక్కా పై గుండీ తీసి, భుజం మీద తాడు ఎక్కడ పడేదో మా అబ్బాయికి చూపించారు. ఆయన లాగలేదు, వారి ఊళ్ళో లాగినవారిని చూశారు. మీ టపా మళ్ళీ చదివి వినిపించమని పడవలో ఒకసారి అడిగారు.

కృష్ణపట్నం_ఉప్పు
మామయ్యగారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?

మాంచెస్టర్_మూర్తి
పోయిన వారం అమలాపురం చేరారు. వేసవి మరమ్మతులకు కట్టేసిన కాలువలకు నీళ్ళు వదిలారట, సైకిల్ మీద లాకుల దాకా వెళ్ళి చూసి వచ్చారు. గుర్రపుడెక్క నిండి ఉందని, పడవ కాదు కదా కొంగ కూడా దిగలేదని ఫోనులో చెప్పారు. గట్టు మీద కూర్చున్న ఒకాయనతో రెండు గంటలు మాట్లాడారట. ఎవరని అడిగితే, పేరు అడగడం మరిచిపోయానని, ఊరు మాత్రం ముక్తేశ్వరమని అన్నారు.

పూతరేకు
డబ్బా?

మాంచెస్టర్_మూర్తి
మా ఇంట్లోనే వదిలి వెళ్ళారు. వచ్చే మే నెలకు పడవ మాట్లాడమని చెప్పారు, ఈసారి మా ఆవిడ నన్ను కూడా అడిగింది. పొడి చేసిన కరివేపాకు సీసా ఒకటి కొని డబ్బాలో పెట్టి ఉంచాం.